కాలువ పడవకు నంబరు వేయించిన జార్జి స్మిత్ గారు

శతాబ్ది సంచికకు ఎవరిదైనా ఒక జీవితము వ్రాసి ఇమ్మని కమిటీవారు కోరినప్పుడు మేము కొంత తటపటాయించాము. మన ప్రాంతమునకు వచ్చి సేవచేసిన దొరలను, దొరసానులను గురించి వ్రాయువారు ఈ సంచికలో చాలామంది ఉంటారు. వారి పేర్లు మన బడులకు ఉన్నాయి, ఆసుపత్రులకు ఉన్నాయి, గుడి గోడలలోని రాతిపలకల మీద ఉన్నాయి. మేము ఎన్నుకొన్న మనిషి పేరు మనకు తెలిసిన ఏ రాతి మీదా లేదు. ఆయన ఇంగ్లండులో ఇటుకల బట్టీలో పెరిగినవాడు. ఆయన చేసిన పెద్ద పని, కాలువ పడవలలో కాపురముండే కుటుంబముల కొరకు చేసినది.

ఆయనను ఎన్నుకొనుటకు కారణము మా బాల్యము. మేము ఏలూరు కాలువ గట్టున పెరిగినవారము. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ రెండు నదుల కాలువల మీద ఒక శతాబ్దమునకు పైగా సరకుల పడవలు నడిచాయి. ధాన్యపు బస్తాలతో వచ్చిన పడవ లాకు దగ్గర ఆగినప్పుడు, కప్పు క్రింద పొయ్యి పొగ, అన్నము వార్చుచున్న ఇల్లాలు, నడుముకు తాడు కట్టి గుంజకు ముడివేసిన పసిబిడ్డ ఇప్పటికీ మా కంటికి కనబడుతారు. ఆ బిడ్డది ఏ ఊరు, ఏ బడికి పోతాడు అని మేము అప్పుడు ఆలోచించలేదు. ఇంగ్లండు కాలువల మీద కూడ తల్లులు నడక వచ్చిన పసివాళ్ళను నీటిలో పడకుండ పడవ కప్పు మీద పొగగొట్టమునకు కట్టి ఉంచేవారు. ఆ బిడ్డలను చూచి ఆ ప్రశ్న వేసిన మనిషి జార్జి స్మిత్ గారు.

ఆయన 1831 ఫిబ్రవరి 16న స్టాఫర్డ్‌షైరులోని టన్‌స్టాల్ దగ్గర క్లేహిల్స్ అనే చోట పుట్టారు. తండ్రి ఇటుకల పనివాడు. కుటుంబము మెథడిస్టు సంఘములోనిది. ఇంట ప్రార్థన ఉన్నది గాని పైకము లేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు రోజుకు పదమూడు గంటలు బట్టీలో పని చేశాడు. ఆ పని ఏమనగా, సుమారు 40 పౌండ్ల తడి బంకమట్టిని, అనగా మన 18 కిలోలను, నెత్తిన పెట్టుకొని ఇటుకలు కోసేవాని బల్ల దగ్గరకు మోయుట. ఒకనాడు పగటి పని ముగిసిన తరువాత, అదే రాత్రి 1,200 ఇటుకలను ఆరబెట్టు చోటికి చేరవేయవలసి వచ్చింది. ఆ రాత్రి నడిచిన నడక 14 మైళ్ళు. దానికి ఇచ్చిన కూలి ఆరు పెన్నీలు. పెద్దవాడైన తరువాత ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు ఏడుపు కథగా చెప్పలేదు, లెక్కగా చెప్పారు: ఎన్ని ఇటుకలు, ఎన్ని మైళ్ళు, ఎంత కూలి. తూచి, కొలిచి చెప్పే ఈ అలవాటు ఆయనకు బట్టీలోనే అబ్బిందని మా ఊహ. తరువాత చేసిన ప్రతి పనిలోను అది కనబడుతుంది.

కూలి డబ్బులలో కొంత మిగిల్చి పుస్తకములు కొని చదువుకున్నారు. పనిలో నేర్పు గలవాడగుటచేత 1855లో ఒక బట్టీకి మేనేజరు అయ్యారు. 1857లో లెస్టర్‌షైరులోని కోల్‌విల్ అనే చోట మేలైన మట్టి పొర ఉన్నదని కనిపెట్టారు. అక్కడ పెద్ద ఇటుకల కర్మాగారము వెలిసింది. దానికి ఆయనే మేనేజరు. కోల్‌విల్ జార్జి స్మిత్ అని ఆయనను పిలుచుట అందుచేతనే. మన సంఘములలో ఒకే పేరు గలవారు నలుగురుంటే ఊరి పేరు చేర్చి పిలుచుకుంటాము గదా. ఇంగ్లండులో జార్జి స్మిత్‌లకు కొదువ లేదు.

సుఖముగా బ్రతుకదలచినవాడు అంతటితో ఆగవచ్చును. ఆయన ఆగలేదు. మేనేజరు కుర్చీలో కూర్చొనియే, బట్టీలలోని పిల్లల కొరకు బట్టీల యజమానులకు ఎదురుగా పోరాటము మొదలుపెట్టారు. 1870లో న్యూకాసిల్‌లో సామాజిక విషయముల మహాసభ జరిగినప్పుడు బట్టీ పిల్లల సంగతి సభ ముందు పెట్టారు. ఒక పిల్లవాని నెత్తి మీద నుండి దింపిన 43 పౌండ్ల మట్టిముద్దను పెద్దమనుష్యుల ముందు పెట్టి చూపించేవారు. 1871లో ఒక పుస్తకము ప్రకటించారు. అదే సంవత్సరము పార్లమెంటు సభ్యుడు ముండెల్లా గారి పూనికతో చట్టము వచ్చింది. పదేళ్ళలోపు మగపిల్లలను, పదహారేళ్ళలోపు ఆడపిల్లలను ఇటుకల బట్టీలలో పెట్టకూడదని శాసనమైంది. మరుసటి సంవత్సరము, 1872లో, ఆయన ఉద్యోగము పోయింది. చట్టము గెలిచినవాని ఇంట పొయ్యి చల్లబడింది. నలభై ఒక్క ఏండ్ల వయసులో, భార్యాబిడ్డలతో, చేతిలో ఏమీ లేక నిలిచారు.

అటువంటి స్థితిలో మరొకరైతే పని వెదకుకొంటారు. ఈయన కాలువ గట్లు పట్టుకొని నడిచారు.

కాలువ సంగతి కొంచెము చెప్పవలెను. ఇంగ్లండులో పద్దెనిమిదవ శతాబ్దిలో బొగ్గును, సున్నమును, ఇనుమును మోయుటకు కాలువలు త్రవ్వించారు. మొదటి రోజులలో పడవ మీద మగవాడు, ఒక సహాయకుడు ఉండేవారు. ఇల్లు ఒడ్డున ఉండేది. 1830, 1840లలో రైళ్ళు వచ్చాయి. సరకు రైలుకు పోయింది, పడవ బాడుగ పడిపోయింది. సహాయకునికి జీతమియ్యలేక సరంగు భార్యను ఎక్కించాడు, తరువాత పిల్లలను ఎక్కించాడు, చివరకు ఒడ్డున ఇంటి అద్దె కూడ భారమై ఇల్లు వదలుకున్నాడు. పడవే ఇల్లయింది. ఇది ఎవరూ కోరి తెచ్చుకొన్న జీవితము కాదు. కాని ఒకటి రెండు తరములు గడచిన తరువాత, అందులోనే పుట్టి, అందులోనే పెళ్ళాడి, మరొక జీవితము ఎరుగని కుటుంబములు ఏర్పడినాయి.

ఆ ఇల్లు ఎంతటిది? లాకులు సన్ననివి గనుక పడవ వెడల్పు ఏడడుగుల లోపు, పొడవు సుమారు డెబ్బది అడుగులు. పొడవు చూచి మురియనక్కరలేదు. దాదాపు అంతా సరకుకే. కాపురమునకు వెనుక వైపున పది అడుగుల లోపు గది ఒకటి. గది ఒక్క అడుగు పెరిగితే బొగ్గు ఆ మేరకు తగ్గుతుంది, బాడుగ తగ్గుతుంది. అందుచేత ఇల్లాలికి ఎంత ఇరుకైనా గది పెరగదు. తలుపు తెరచి దిగితే మొదట కాలు పెట్టేది బొగ్గు పెట్టె మీద, అదే మెట్టు. ఒక ప్రక్క చిన్న ఇనుప పొయ్యి. దాని ప్రక్కన అలమర. అలమర తలుపును క్రిందికి వాల్చితే అదే భోజనపు బల్ల. మరొక ప్రక్క పొడుగాటి బెంచీ. దాని మీద ఒకరు పడుకుంటారు. చివరను, పగలు అలమరలోనికి మడిచిపెట్టి రాత్రి అడ్డముగా వాల్చే మంచము తల్లిదండ్రులది. పిల్లలు సందు దొరికిన చోట. ఆ పది అడుగులలోనే వంట, స్నానము, పురుడు, జబ్బు, చావు.

మంచినీళ్ళు కాలువవి కావు. రేవుల దగ్గర, కొన్ని లాకుల దగ్గర పంపు ఉంటే అక్కడ పట్టుకొని, రంగులు వేసిన డబ్బాలలో పోసి కప్పు మీద పెట్టుకొనేవారు. గిన్నెలు తోముటకు, నేల కడుగుటకు మాత్రము కాలువ నీరే. మరుగునకు ఒక బకెట్టు. బట్టలుతుకు దినము అంటూ వేరే లేదు. సరకు దించుటకు ఎక్కడ ఆగితే అక్కడే గట్టున తొట్టి పెట్టుట. బొగ్గు దించిన తరువాత ఆ మసి గదిలోనికి రాకుండ ఆపుట ఎట్లాగో బొగ్గు కొట్ల దగ్గర కాపురమున్నవారికే తెలుస్తుంది.

ఇల్లు ఊడ్చుకొన్నంత మాత్రమున పడవ నిలువదు. చెక్క పడవకు పలకల సందులే ప్రాణగండము. ఎండకు ఆరి, లాకు గోడకు తగిలి, ఆ సందులు విచ్చుకొంటాయి. అడుగున ఊరిన నీటిని ప్రతిదినము చేతిపంపుతో తోడివేయవలెను. ఒక్కరోజు మరచితే సరకు తడుస్తుంది, నాలుగు రోజులు మరచితే పడవ కూర్చుంటుంది. కొన్నేళ్ళకొకసారి పడవను ఒడ్డుకు చేర్చి, పాతబడిన నారను లాగివేసి, తారు పట్టించిన కొత్త నారను సందులలో దూర్చి ఉలితో, సుత్తితో కొట్టి, మీద కీలు కాచి పోయవలెను. పలకలకు పూయు మందు ఒకటి ఉండేది: తారు, ఆవు వెంట్రుకలు, గుఱ్ఱపు పేడ కలిపి కాచినది. పేడ పేరు వినగానే మనవారికి నవ్వు రాదు. మన అరుగులను అలికినది దేనితో? ఆ నాలుగు రోజులు మాత్రము పడవకు బాడుగ లేదు, ఇంటిలో డబ్బు లేదు. అందుచేత చాలామంది వాయిదా వేసేవారు. వాయిదా వేసిన కొలది చేతిపంపు ఎక్కువ కొట్టవలెను. ఈ చిక్కు పాత ఇళ్ళ కప్పు నేయించుకొనేవారందరికీ తెలిసినదే.

గుఱ్ఱము సంగతి వేరు. పడవను లాగేది గుఱ్ఱమే. దాని వెంట గట్టున నడిచేది చాలాసార్లు పిల్లవాడే. గుఱ్ఱము మేసి నిద్రించిన తరువాతనే ఇంటివారి భోజనము. లాగుడు తాడు వంతెన రాళ్ళకు ఒరసుకొని తెగిపోతూ ఉంటుంది. ఆ రాళ్ళలో తాడు కోసిన గాడులు నేటికీ వేలు పట్టునంత లోతుగా ఉన్నాయి. సొరంగములలో గట్టు ఉండదు. అక్కడ గుఱ్ఱమును కొండ మీదుగా నడిపించి, మగవారు పలకల మీద వెల్లకిల పడుకొని, కాళ్ళతో గోడలను తన్నుతూ పడవను ముందుకు జరిపేవారు. చలికాలములో కాలువ గడ్డకట్టితే పడవ ఎక్కడున్నది అక్కడే. ప్రయాణమును బట్టి కూలి గనుక, గడ్డ కరిగేవరకు కూలి లేదు. పొయ్యిలో బొగ్గు ఉన్నది, గిన్నెలో ఏమీ లేదు.

నల్లులు ఇంకొక పీడ. చెక్క సందులలో చేరిన నల్లులను పోగొట్టుటకు కుటుంబమంతా గట్టునకు దిగి, తలుపులు మూసి, లోపల గంధకము పొగవేసేవారు.

1870ల మధ్యలో స్మిత్ గారు చూచినది ఈ జీవితము. పడవలు ఎక్కి, గదులలోనికి వంగి చూచి, తలలు లెక్కపెట్టారు. ఒక గదిలో ఇంతమంది, వారిలో చదువు వచ్చినవారు ఇంతమంది, పెళ్ళి కానివారు ఇంతమంది అని వ్రాసుకున్నారు. 1875లో కాలువ జనులను గురించిన పుస్తకము ప్రకటించారు. కాలువల మీద సుమారు లక్షమంది ఉన్నారని, వారిలో చాలామంది చదువు రానివారని, త్రాగుబోతులని, అపరిశుభ్రులని వ్రాశారు. పత్రికలు అందుకున్నాయి. పెద్దలు చలించారు. 1877లో లోకల్ గవర్నమెంట్ బోర్డు అధ్యక్షుడు స్క్లేటర్-బూత్ గారు ప్రవేశపెట్టిన కాలువ పడవల చట్టము జారీ అయింది. అప్పుడే మన వైపున గొప్ప కరవు. ఆ 1877, 1878 సంవత్సరములలోనే కరవు పనులుగా మద్రాసు వైపు కాలువను కలిపించి, గవర్నరు పేరున బకింగ్‌హాము కాలువ అని పిలిచారు. అక్కడ కాలువ మీది కుటుంబమునకు చట్టము వచ్చిన ఏడు, ఇక్కడ ఆకలిగొన్న కుటుంబములు గంజి కొరకు కాలువ త్రవ్విన ఏడు ఒక్కటే.

ఆ చట్టము క్రింద 1878లో వచ్చిన నిబంధనలను చూస్తే ఇటుకలు లెక్కపెట్టిన పిల్లవాని చేయి తెలుస్తుంది. కాపురమున్న ప్రతి పడవ ఒక పట్టణపు అధికారి వద్ద నివాసముగా రిజిస్టరు కావలెను. పట్టణము పేరు, నంబరు పడవ ప్రక్కన కనబడునట్లు వ్రాయించవలెను. వెనుక గదిలో 180 ఘనపుటడుగుల చోటైనా ఉండవలెను. పన్నెండేళ్ళు దాటినవారికి తలకు 60 ఘనపుటడుగుల గాలి, పన్నెండు లోపువారికి 40. భార్యాభర్తలు ఉండే గదిలో పెరిగిన పిల్లలు పడుకోరాదు. మూడు గాలన్ల, అనగా సుమారు 14 లీటర్ల మంచినీళ్ళు పట్టే పాత్ర ఉండవలెను. అడుగు నీటిని ప్రతిదినము తోడవలెను. లోపల మూడేళ్ళకొకసారి రంగు వేయవలెను. పెంట వంటి సరకు మోసే పడవలో గదికి, సరకుకు నడుమ రెండు గోడలుండి మధ్య ఖాళీ ఉండవలెను. అంటువ్యాధి కనబడితే పడవను ఆపే అధికారము కూడ ఇచ్చారు.

ఈ లెక్కను మనమే వేసి చూద్దాము. భార్యాభర్తలకు 120. ఒక బిడ్డకు 40. మొత్తము 160. గది 180దే అయితే మిగిలింది 20. రెండవ బిడ్డ పుట్టితే చట్టము ప్రకారము ఆ గది చాలదు. నలుగురైదుగురు పిల్లలున్న తల్లి ఏమి చేయవలెను? ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే పెద్దపిల్లలను గట్టున ముందుకు నడిపించేవారని, లేక చుట్టముల పడవలోనికి పంపేవారని చెప్పుకొనేవారు. ఇల్లు లేని వానికి ఇల్లు చూపక, ఉన్న గదిలో గాలి కొలిస్తే ఇట్లే అవుతుంది. అయినను ఆ కొలత వ్యర్థము కాలేదు. అంతవరకు ఆ గది బొగ్గు పడవలో ఒక మూల. అధికారుల పుస్తకములలో దానికి చోటు లేదు. నంబరు పడిన దినము నుండి అది ఒక ఇల్లు. అందులోని బిడ్డను రిజిస్టరైన పట్టణపు బిడ్డగా చదువుల చట్టము ఎంచవలసి వచ్చింది. ఏ ఊరివాడు అన్న ప్రశ్నకు ఆ పడవ ప్రక్కన రంగుతో వ్రాసిన జవాబు అది.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. సంచికలలో జీవితములు వ్రాయునప్పుడు మంచిని మాత్రమే వ్రాయుట మన అలవాటు. స్మిత్ గారి విషయములో అట్లు చేస్తే పడవవారికి అన్యాయము చేసినట్లగును. ఆయన చెప్పిన లక్ష సంఖ్య చాలా ఎక్కువైనదని తరువాత తేలింది. ఆయన తాను చూచిన అతి హీనమైన గదులనే అందరి గదులుగా వర్ణించారు. చట్టము అమలు చేయుటకు పోయిన ఇన్‌స్పెక్టర్లు ఎన్నో గదులు శుభ్రముగా ఉన్నాయని తమ నివేదికలలో వ్రాశారు. మసి నడుమ, ఆరు జతల కాళ్ళ నడుమ, నల్ల సీసపు పూతతో మెరిసే పొయ్యి, తళతళలాడు ఇత్తడి పిడులు, అల్లిన జాలరు తెరలు, గోడకు వ్రేలాడదీసిన అంచు పళ్ళెములు, తలుపుల మీద గులాబీలు, కోటల బొమ్మలు. ఇవి కూడ ఆ కాలపు కాలువ మీదివే. అవి ఏ దొర కళ్ళకైనా అలంకారము. ఆ ఇల్లాలికి మాత్రము అది జవాబు. గట్టున పోయేవారు తమను చూచి ముక్కు మూసుకొంటారని ఆమెకు తెలుసు.

పడవవారు స్మిత్ గారిని ప్రేమించలేదు. తమ గుట్టు పత్రికలకెక్కించాడని, తమ తిండి తీయుటకు వచ్చాడని ఆగ్రహించారు. వారి కోపములో న్యాయము ఉన్నదని మా అభిప్రాయము. బీదవాని తరపున మాటాడువాడు, ఆ బీదవాడు వింటున్నాడని మరచిపోవుట ఎక్కువగా జరుగుతుంది. స్మిత్ గారు తానే బీదరికములో పుట్టినవాడై యుండి ఎట్లు మరచారో! బట్టీ పిల్లలను గురించి చెప్పినప్పుడు తన నెత్తి మీది బరువు చెప్పారు. పడవవారిని గురించి చెప్పినప్పుడు బయటనుండి చూచినది చెప్పారు. తేడా అక్కడే వచ్చిందనుకుంటాము.

దీనికి ప్రక్కన మరొకరి మాట ఒక్క పేరాలో చెప్పి ముందుకు పోతాము. స్టోక్ బ్రూయెర్న్ అనే లాకుల ఊరిలో మేరీ వార్డు (1885–1972) అనే నర్సు ఉండేది. ఆ రేవున తాళ్ళు పేనే ఇంటి బిడ్డ. పడవ ఆగితే ఎక్కి, కట్టుకట్టి, పురుడు పోసి, మందిచ్చి దిగేది. ఎవరినీ లెక్కపెట్టలేదు. పడవవారు మైళ్ళ దూరము నుండి ఆమె కొరకు వచ్చేవారు. ఆమెకు చట్టము చేయు శక్తి లేదు. స్మిత్ గారికి కట్టుకట్టు చేయి లేదు.

చట్టము 1877లో వచ్చిందే గాని అమలు కుంటుపడింది. రిజిస్టరు చేయుట పట్టణముల పని. తనిఖీ చేయవలెనన్న బలవంతము లేదు. స్మిత్ గారు మళ్ళీ కాలువ బాట పట్టారు. చేతిలో డబ్బు లేకున్నా ప్రయాణములు, ఉత్తరములు, పార్లమెంటు మెట్లు ఆగలేదు. 1881లో తన రాత్రి ప్రయాణములను గురించి మరొక పుస్తకము వ్రాశారు. చివరకు గని పనివారి నాయకుడు, పార్లమెంటు సభ్యుడు థామస్ బర్ట్ గారి సహాయముతో 1884లో సవరణ చట్టము వచ్చింది. పట్టణముల అధికారులు ఏటేటా నివేదిక పంపవలెనని, పైన ఒక ముఖ్య ఇన్‌స్పెక్టరు ఉండవలెనని, బిడ్డల చదువును గురించి కూడ ఏటా నివేదిక రావలెనని అందులో ఏర్పాటు.

చదువు మాత్రము చట్టముతో రాలేదు. ఈరోజు ఒక ఊరి బడిలో కూర్చున్న పిల్ల రేపటికి పదిహేను మైళ్ళ దూరములో ఉంటుంది. ప్రతి బడిలోను మొదటి పాఠమే. ఎన్ని బడులు చూచినా ఒక పుస్తకము పూర్తి కాదు. 1930లో వెస్ట్ డ్రేటన్ వద్ద ఒక పాత పడవలోనే బడి నడిపి చూచారు. 1962, 63ల చలికాలములో కాలువలు వారముల తరబడి గడ్డకట్టి సరకు రవాణా నడుము విరిగింది. 1970తో పడవ కుటుంబముల దూరపు ప్రయాణములు ముగిసినాయి. పడవ పిల్లల చదువు సమస్య, నిజము చెప్పవలెనంటే, పడవలు పోవుటతోనే తీరింది. మన ఏలూరు కాలువ మీద సంగతి కూడ అంతే. లారీలు వచ్చాయి, పడవలు పోయాయి, ఆ తాడు కట్టిన బిడ్డ ఏమయ్యాడో మనకు తెలియదు.

స్మిత్ గారు తరువాత జిప్సీ బిడ్డల వైపు మళ్ళారు. బండ్లలో తిరిగే కుటుంబములకు కూడ పడవలవలెనే నంబరు, తనిఖీ, చదువు ఉండవలెనని బిల్లు తెప్పించారు. ఎన్నిసార్లు తెచ్చినా అది చట్టము కాలేదు. జిప్సీలు కూడ ఆయనను ఎదిరించారు. పడవవారి మీద చేసిన పొరపాటే ఇక్కడ ఇంకా పెద్దగా చేశారని చెప్పక తప్పదు.

ఇంతలో ఇంటి స్థితి ఏమి మెరుగుపడలేదు. 1872 తరువాత ఆయనకు స్థిరమైన ఉద్యోగమంటూ లేదు. రెండు చట్టములు చేయించిన మనిషి ఇంటివారు ఎన్నోసార్లు స్నేహితుల సహాయము మీద బ్రతికారు. ఈ భాగమును మేము త్వరగా దాటిపోతున్నాము గాని, ఆయన భార్య ఆ సంవత్సరములను అంత త్వరగా దాటియుండదు. 1885లో రాణీ గారి ధర్మనిధి నుండి కొంత సొమ్ము మంజూరైంది. ఆ సొమ్ముతో నార్తాంప్టన్‌షైరులో, రగ్బీకి సమీపముననున్న క్రిక్ అనే గ్రామములో ఒక ఇల్లు కొన్నారు. ఇతరుల ఇళ్ళకు నంబర్లు వేయించినవానికి తన ఇల్లు అనేది యాభై నాలుగవ ఏట దొరికింది. అక్కడే 1895 జూన్ 21న కన్నుమూశారు. మరుసటి సంవత్సరము ఎడ్విన్ హాడర్ గారు ఆయన జీవితచరిత్ర ప్రకటించారు.

క్రిక్ గ్రామము కాలువ ప్రక్కనే ఉన్నది. 1814లో తెరచిన ఆ కాలువ ఊరి దగ్గర 1,528 గజముల సొరంగము గుండా పోతుంది. ఇప్పుడు ప్రతి సంవత్సరము మే నెలలో ఆ ఊరి రేవున పెద్ద పడవల ప్రదర్శన జరుగుతుంది. వేలమంది వచ్చి, గదులలోనికి వంగి చూచి, మంచము ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని అడిగి తెలుసుకొంటారు. వారిలో కొందరు సరదాకు కొంటారు. కొందరు, పట్టణములో అద్దె కట్టలేక, కాపురమునకే కొంటారు. పడవలిప్పుడు ఉక్కువి. నార దూర్చే పని లేదు గాని, రెండు మూడేళ్ళకొకసారి పైకి తీసి, తుప్పు గీకి, నల్లని తారు పూయుట తప్పలేదు. నీళ్ళ తొట్టి నింపుకొనుట, మరుగు పెట్టె ఖాళీ చేసుకొనుట, పొయ్యి గొట్టము మసి దులుపుకొనుట తప్పలేదు. నాలుగేళ్ళకొకసారి భద్రతా పరీక్ష జరగనిదే లైసెన్సు లేదు. 2019 నుండి గదిలో విషవాయువును పసిగట్టి మ్రోగే గంట ఉండి తీరవలెనని నిబంధన కూడ వచ్చింది. గదిలోని గాలిని గురించిన లెక్క ఇంకా సాగుతూనే ఉన్నది.

పాత చెక్క పడవలను బాగుచేసి నిలుపుకొన్నవారు కూడ ఆ ప్రదర్శనలకు వాటిని తెస్తారు. గులాబీలు, కోటలు కొత్తగా వేయిస్తారు, ఇత్తడి తోముతారు. వాటితోపాటు గది ప్రక్కన, పూర్వము ఎక్కడ ఉండేదో అక్కడే, రిజిస్టరైన పట్టణము పేరు, నంబరు కూడ తిరిగి వ్రాయించుకొంటారు.